రైట్ హెపటెక్టమీ (కాలేయం కుడి భాగం తీసే ఆపరేషన్), మూడో రోజు డ్రెయిన్‌లో పసరు. టేబుల్ మీద ఏం వదిలేశాం?

నాగావళి_గట్టు
52 ఏళ్ళ మనిషి, కుడి లోబ్‌లో 9 సెం.మీ. కణితి, సిరోసిస్ లేదు. కోత అయ్యాక కోసిన ముఖం మీద పొడి గాజ్ ఐదు నిమిషాలు అదిమి చూస్తే ఎక్కడా పసుపు మరక పడలేదు. మూసేశాం. మూడో రోజు పొద్దున డ్రెయిన్‌లో (లోపలి ద్రవం బయటికి తీసే గొట్టంలో) 140 మి.లీ. పసరు, అంటే పైత్యరసం. ఆ ద్రవంలో బిలిరుబిన్ 11.4, అదే పూట తీసిన రక్తంలో 1.6. జ్వరం లేదు, పొట్ట మెత్తగా ఉంది, గ్యాస్ వెళ్తోంది. టేబుల్ మీద ఎండిపోయినట్టున్నది మూడో రోజుకి ఎలా కారుతుంది? ఇంకో కేసు ఎక్కించేలోపు ఇది తేల్చుకోవాలి. "లివర్ కోస్తే కొంత కారడం మామూలే" అనే జవాబు మాత్రం వద్దు, వార్డులో రోజూ వింటూనే ఉన్నాం.

చీపురుపల్లి_జంక్షన్
లివర్ కోస్తే కొంత కారడం మామూలే.

బొబ్బిలి_తీగ
జంక్షన్ సార్ మొదలెట్టేశారు. 11.4ని 1.6తో భాగిస్తే ఏడు రెట్లు. మూడో రోజు గానీ ఆ తరవాత గానీ డ్రెయిన్ బిలిరుబిన్ రక్తంలో దానికి మూడు రెట్లు, ఆపైన ఉంటే లీక్ అన్నట్టే. 2011లో ఐఎస్‌జీఎల్‌ఎస్ (కాలేయ సర్జరీ అంతర్జాతీయ అధ్యయన బృందం) ఇచ్చిన నిర్వచనం ఇది. వైద్యం మార్చక్కర్లేకపోతే గ్రేడ్ ఏ. గొట్టమో స్టెంటో వెయ్యాల్సి వస్తే బీ. ఏ అన్నది వారం దాటినా బీ కిందకే వస్తుంది. మళ్ళీ పొట్ట తెరిస్తే సీ. ఇవాళ్టికి మీది ఏ.

నాలుగు సంగతులు చెప్పండి. కాలేయాన్ని దేనితో కోశారు? కుడి డక్ట్ (పైత్యనాళం) విడిగా కట్టారా, పెడికిల్‌తో (నాళాల కట్టతో) కలిపి తీశారా? హైలం (నాళాలు కాలేయంలోకి వెళ్ళే చోటు) దగ్గర కరెంటు వాడారా? ముందు ఎమ్మార్సీపీ (డక్టుల పటం చూపే ఎమ్మారై) ఉందా?

నాగావళి_గట్టు
క్యూసా (అల్ట్రాసౌండ్‌తో కాలేయం కోసే యంత్రం) లేదు. కెల్లీ క్లాంప్‌తో నలిపి, మిగిలిన తీగల్ని హార్మోనిక్‌తో (అదురుతో వేడెక్కి కోసే కత్తెరతో) తీశాం. కుడి పెడికిల్ మొత్తం ఒకేసారి స్టేప్లర్. హైలం దగ్గర చెమ్మగా రక్తం ఊరుతుంటే బైపోలార్ (కరెంటుతో కాల్చే పట్టుకారు) పెట్టాం, ఒక చోట హార్మోనిక్ కూడా. ఎమ్మార్సీపీ లేదు, సీటీ ఒక్కటే.

కత్తెర_కొక్కెం
హైలం దగ్గర బైపోలార్ అన్నారు చూడండి, నా అనుమానం అక్కడే.

రక్తనాళానికి ఎనర్జీ పరికరం పనిచేస్తుందంటే రెండు కారణాలు. గోడలోని కొల్లాజెన్ కరిగి అతుక్కుంటుంది, లోపల రక్తం గడ్డకట్టి బిరడాలా కూర్చుంటుంది. పసరు గడ్డకట్టదు. కాబట్టి డక్ట్‌కి రెండో కాపలా లేదు. కాలిన మూతి ఆ పూటకి మూసుకున్నట్టే ఉంటుంది. మూడు నాలుగు రోజులకి ఆ మాడిన చెక్కు ఊడుతుంది, లోపల పసరు ఎదురుచూస్తూనే ఉంటుంది. ఈ పరికరాలు ఐదు మి.మీ., ఏడు మి.మీ. దాకా మూస్తాయని పెట్టె మీద రాస్తారే, అది రక్తనాళాల లెక్క. పైత్యనాళాల లెక్క కాదు.

ఇంకోటి. ప్రింగిల్ పెట్టిన (రక్తం వచ్చే దారి కాసేపు బిగించిన) కాలేయం టేబుల్ మీద పసరు సరిగా తయారు చేయదు. గంట గంటన్నర రక్తం ఆపుతూ వదులుతూ పోయాక, అది తేరుకుని మామూలుగా ఊరడానికి సమయం పడుతుంది. మీరు గాజ్ అదిమింది నిద్రపోతున్న కాలేయం మీద. మరక ఎక్కడినుంచి వస్తుంది?

మూడోది ఒత్తిడి. రోగి లేచి తిరిగి తినడం మొదలెట్టేసరికి పసరు పెరుగుతుంది. కింద ఆడ్డి స్ఫింక్టర్ (డక్ట్ పేగులోకి తెరుచుకునే చోట ఉండే కండరం) బిగుసుకుని ఉంటే అది తేలికైన దారి వెతుక్కుంటుంది. నొప్పికి మార్ఫిన్ ఎక్కువ వాడిన వాళ్ళలో స్ఫింక్టర్ ఇంకా బిగుస్తుంది.

అందుకే ఒకటే పద్ధతి. హైలార్ ప్లేట్‌కి (హైలం దగ్గరి పొరకి) ఒక సెంటీమీటర్ లోపల ఏ కరెంటూ వద్దు. అక్కడ రక్తం ఊరితే రెండు నిమిషాలు గాజ్ పెట్టి వేలితో నొక్కు, ఆగకపోతే 5-0 ప్రోలీన్ కుట్టు. కంటికి కనిపించే ప్రతి గ్లిస్సన్ కాడనీ (పొర చుట్టిన నాళాల కట్టనీ) కట్టాలి, లేదా కుట్టాలి. 3 మి.మీ. పైవాటిని కాల్చొద్దు. క్లిప్ పెట్టినా మూలాన్ని కాస్త బయటికి తీసి కణజాలం రెండు వైపులా పట్టేలా పెట్టు. కాలేయం మాంసంతో కలిపి క్లిప్ పెడితే, గాజ్‌తో తుడిచేటప్పుడే సగం గాజ్‌కి అంటుకుని వచ్చేస్తాయి.

పీజీ_రెండో_ఏడు
సార్, ఆఖరి లైన్ మాత్రం మా ఓటీలో కళ్ళతో చూసినట్టే ఉంది.

బొబ్బిలి_తీగ
కొక్కెం సార్ చెప్పినదానికి కుట్టు సంగతి కలుపుతాను. డక్ట్ మూతికి పీడీఎస్ దారం 5-0, చిన్నదైతే 6-0, గుండ్రని సూది. ఎనిమిది అంకెలా వేసి ముడి బిగించేటప్పుడు వీణ తీగ గుర్తు పెట్టుకోండి: పలికేంత బిగువు చాలు, తెగేంత వద్దు. కాలేయం జున్నులాంటిది. కొవ్వు పట్టిన కాలేయం అయితే రెండో పూట జున్ను. బిగిస్తే దారం కోసుకుంటూ పోయి పక్కనున్న ఇంకో సన్న డక్ట్‌ని తెరుస్తుంది. ఒక లీక్ మూయబోయి రెండు తెచ్చుకున్నట్టు. పెద్ద సూదితో లోతుగా గుడ్డిగా వేస్తే అడుగున మిగిలిన వైపు డక్ట్‌నే పట్టేసే ప్రమాదమూ ఉంది.

పీజీ_రెండో_ఏడు
గాజ్ నమ్మలేకపోతే వైట్ టెస్ట్ (డక్టుల్లోకి తెల్లటి కొవ్వు ద్రవం ఎక్కించి లీక్ వెతకడం) చెయ్యాలా? పుస్తకంలో రెండు లైన్లే ఉంది. చేతిలో ఏమేం ఉండాలి, ఎంత ఎక్కించాలి?

బొబ్బిలి_తీగ
పెద్ద సరంజామా ఏం లేదు. ఐసీయూలో ఉండే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ 10 మి.లీ., సెలైన్ 30 మి.లీ. కలిపితే 5 శాతం ద్రావణం 40 మి.లీ. వస్తుంది, అది సరిపోతుంది. 20 మి.లీ. సిరంజి, 5 లేదా 6 ఫ్రెంచ్ (గొట్టం లావు కొలత) ఇన్‌ఫెంట్ ఫీడింగ్ ట్యూబ్. గుడ్డు, సోయా అలర్జీ ఉందేమో ముందే అడగాలి.

గాల్ బ్లాడర్ తీసినప్పుడే సిస్టిక్ డక్ట్ (గాల్ బ్లాడర్ గొట్టం) మొండెం ఒకటిన్నర సెంటీమీటర్ పొడుగు ఉంచుకో. అందులోంచి ట్యూబ్ రెండు సెంటీమీటర్లు లోపలికి, పైన 2-0 సిల్క్ ఒక చుట్టు. ముందు పది మి.లీ. సెలైన్ పంపి, గాలి బుడగలు పోగొట్టి, ట్యూబ్ పక్కనుంచి కారడం లేదని చూసుకో. తరవాత డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) పైన కామన్ డక్ట్‌ని బొటనవేలు, చూపుడువేలు మధ్య మెత్తగా పట్టు. క్లాంప్ వద్దు, వేళ్ళు చాలు. అప్పుడు తెల్లది నెమ్మదిగా 10 నుంచి 30 మి.లీ. సిరంజి ఎదురు తన్నుతుంటే ఆగు. బలవంతంగా తోస్తే బాగున్న సన్న డక్టులు కూడా చిట్లి, లేని లీక్ పుడుతుంది.

కోసిన ముఖం మీద పాల చుక్క పైకి వస్తుంది. అక్కడే 6-0 కుట్టు. సెలైన్‌తో కడిగెయ్, మళ్ళీ ఎక్కించు. కొత్త చుక్క రాని దాకా. అయ్యాక వేళ్ళు వదిలి సెలైన్‌తో డక్ట్ కడిగి, సిస్టిక్ మొండేన్ని కుట్టుతో కలిపి కట్టు. పరీక్ష అంతా బాగా చేసి, చివర్లో ఆ మొండెం మీద ఒక్క క్లిప్ పెట్టి వెళ్ళిపోతే లీక్ అక్కడినుంచే వస్తుంది.

పీజీ_రెండో_ఏడు
మిథిలీన్ బ్లూ అయితే చవక కదా సార్?

కత్తెర_కొక్కెం
చవకే. ఒక్కసారి చిందాక కోసిన ముఖం అంతా నీలం, రెండోసారి ఏం చూస్తావ్? తెల్లది కడిగితే పోతుంది, అదే దాని గొప్ప. ఐసీజీ కెమెరా (ఒంట్లోకి ఎక్కించిన రంగు వెలుగుని చూపేది) ఉన్నచోట ఇంకా బాగుంటుంది గానీ, పైపైన సెంటీమీటర్ లోతు వరకే వెలుగు తెలుస్తుంది. ఏమీ లేనిచోట సెలైన్ అయినా చెయ్యండి, ఏమీ చెయ్యకపోవడం కన్నా నయం. కాకపోతే తడి ముఖం మీద నీటి చుక్క కనిపెట్టడం వానాకాలంలో చూరు ఎక్కడ కారుతోందో వెతికినట్టే.

చీపురుపల్లి_జంక్షన్
ఇప్పుడు సరదా కాదు. మీరంతా వైట్ టెస్ట్‌ని నెత్తిన పెట్టుకుంటున్నారు. సెలైన్ పరీక్ష మీద వచ్చిన పాత యాదృచ్ఛిక అధ్యయనంలో లాభం కనబడలేదు. తరవాత వాటన్నిటినీ కలిపి చూసిన వాళ్ళకి పరీక్ష చేసిన గుంపులో లీకులు తక్కువ కనబడ్డాయి. రెండూ నిజమే ఎలా అవుతాయి? ఎందుకంటే ఆ పరీక్ష ఒక రకం లీక్‌నే చూడగలదు. సిస్టిక్ నుంచి ఎక్కించింది మెయిన్ డక్ట్‌తో కలిసున్న కొమ్మల్లోకే వెళ్తుంది. కోతలో ఒక సెగ్మెంట్ (కాలేయంలో ఒక భాగం) డక్ట్ మూలం దగ్గర తెగిపోయి, దాని పై భాగం మిగిలిన కాలేయంలో ఉండిపోయిందనుకోండి. దానికి మెయిన్‌తో సంబంధం లేదు. పాలు పోసినా, సిరా పోసినా అక్కడికి చేరదు. టేబుల్ మీద పరీక్ష పాస్, వార్డులో రోజూ వంద మి.లీ. ఈఆర్‌సీపీలో (నోటినుంచి కెమెరా గొట్టం దింపి డక్టుల్లోకి కాంట్రాస్ట్ ఎక్కించి చూసేదాంట్లో) కూడా లీక్ కనబడదు. నాగానో వర్గీకరణలో టైప్ డీ అంటారు దీన్ని.

టెస్ట్ నెగెటివ్ అంటే "కలిసున్న కొమ్మల్లో ఇప్పటికి లీక్ లేదు" అని మాత్రమే. ఆపరేషన్ నోట్స్‌లో కూడా అలాగే రాయాలి.

బొబ్బిలి_తీగ
ఒప్పుకున్నా. టైప్ డీకి పరీక్ష కాదు, పటం కావాలి. కుడి పోస్టీరియర్ డక్ట్ కొందరిలో ఎడమ డక్ట్‌లోకి కలుస్తుంది. అరుదేమీ కాదు, పది పదిహేను శాతం మందిలో ఉంటుంది. లెఫ్ట్ హెపటెక్టమీలో ఎడమ డక్ట్‌ని కుడికి జరిగి కోస్తే కుడి వెనక భాగం మొత్తం ఊడిపోయినట్టే. అందుకే ఎడమ డక్ట్‌ని అంబిలికల్ ఫిషర్ వైపుకి జరిగి కోయడం. ఎమ్మార్సీపీ లేకుండా పెద్ద కోత మొదలెట్టొద్దు. సీటీలో సన్న డక్ట్ కనబడదు.

లీక్ ఎక్కువ వచ్చే కోతలు తెలిసినవే. నాలుగో సెగ్మెంట్, మధ్య హెపటెక్టమీ, కాడేట్ లోబ్, రెండోసారి కోసే కాలేయం, డక్ట్ పేగుకి కలిపిన కేసులు. కోత గీత గ్లిస్సన్ కాడ పక్కనుంచి పొడుగ్గా పోయే చోటల్లా కొమ్మలు అడ్డంగా తెగుతాయి. అంచున ఒక ముక్క తీసేదానికీ దీనికీ పోలిక లేదు.

మత్తు_మాస్టారు
సర్జన్లంతా డక్టుల గురించే మాట్లాడుకుంటున్నారు, ఆ డక్టులు కంటికి కనిపించాలంటే రక్తం ఆగాలి కదా. రక్తం మడుగులో క్లాంప్ పెట్టినవాడు డక్టూ వెయినూ తేడా చూడడు, రెంటినీ కాలుస్తాడు. పొడి కోత సగం మా చేతిలో పని.

కోత అయ్యేదాకా సీవీపీ (పెద్ద సిరల్లో ఒత్తిడి) 5 లోపు. గంటకి కేజీకి ఒక మి.లీ. చొప్పున ద్రవం, అంతకన్నా పోయొద్దు. తల వైపు పదిహేను డిగ్రీలు ఎత్తు. పీప్ (ఊపిరి వదిలాక వెంటిలేటర్ ఉంచే ఒత్తిడి) తగ్గించు. బీపీ పడితే నార్‌ఎడ్రినలిన్ సన్నగా, సెలైన్ బాటిల్ కాదు. ప్రింగిల్ పదిహేను నిమిషాలు బిగింపు, ఐదు వదులు, గడియారం మేమే చెప్తాం. మీరు "ఇంకొక్క నిమిషం" అనొద్దు. సీవీపీ తక్కువున్నప్పుడు హెపాటిక్ వెయిన్ చిరిగితే గాలి లోపలికి పోతుంది. క్యాప్నోగ్రాఫ్‌లో ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా పడితే నేను అరుస్తాను, మీరు ఆ చోటు తడి గాజ్‌తో మూసెయ్యండి, నేను తల దించుతా.

కోత అయ్యాక ద్రవాలు నింపి, ఊపిరి కాసేపు బిగబట్టించి చూస్తే దాగున్న వెయిన్లు బయటపడతాయి. వాటిని కట్టాకే మీ పాల పరీక్ష. ముందే చేస్తే మళ్ళీ కుట్లు పడి చేసిన పరీక్ష వృథా.

జీడితోట
మాస్టారూ, ఆ గంటకి ఒక మి.లీ. లెక్క ఉద్దానం మనిషికి పెట్టేముందు ఒక్క మాట. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపునుంచి వచ్చేవాళ్ళకి మూత్రం డిప్‌స్టిక్‌లో ప్రొటీన్ పెద్దగా కనబడకుండానే కిడ్నీ సగం పోయి ఉంటుంది. క్రియాటినిన్ (కిడ్నీ పని చూసే రక్త పరీక్ష) 1.3 అని వదిలేస్తారు. బక్కపల్చని జీడితోట కూలీకి 1.3 అంటే జీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడకట్టే వేగం) లెక్కగట్టి చూడండి, ఎంత తక్కువో తెలుస్తుంది. తక్కువ సీవీపీ వద్దనడం లేదు, దాన్ని గంటన్నరకి కుదించి, కోత అవ్వగానే నింపండి. వార్డులో డైక్లోఫెనాక్, అమికాసిన్ రెండూ కలిపి రాయొద్దు. విడివిడిగా కూడా రాయొద్దు.

మత్తు_మాస్టారు
ఒప్పు. నేను రాసే కాగితం మీద డైక్లో ఉండదు. పెద్ద కోత అయితే పారాసిటమాల్ కూడా రోజుకి రెండు గ్రాములు దాటనివ్వను.

నాగావళి_గట్టు
స్టేప్లర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. పెడికిల్ స్టేప్లర్ వల్ల ఏమైనా?

కత్తెర_కొక్కెం
ఎత్తుదామనే ఆగాను. కుడి పెడికిల్‌ని బాగా కుడికి లాగి పట్టుకుని స్టేప్లర్ పెడితే, ఎడమ డక్ట్ గుడారంలా పైకి లేచి దాని మూల కూడా దవడల్లోకి వస్తుంది. పూర్తిగా కాకపోయినా సగం ఇరుక్కుంటే చాలు. అప్పుడు మిగిలిన కాలేయానికి పసరు వెళ్ళే ఒక్క దారీ ఇరుకైపోతుంది. ఒత్తిడి వెనక్కి పెరిగి, కోసిన ముఖం మీద బలహీనంగా ఉన్న ప్రతి మూతీ తెరుచుకుంటుంది. కింద తూము మూసేసి పైన గట్టు తెగిందని ఏడ్చినట్టు. మామూలు కోత లీక్ వదిలేస్తే ఎండుతుంది, ఇది ఎండదు. స్టేప్లర్ పేల్చే ముందు దాని దవడలు మూసి ఉంచి సిస్టిక్ నుంచి కొలాంజియోగ్రామ్ (డక్టుల ఎక్స్‌రే) తీస్తే ఎడమ వైపు నిండుతుందో లేదో తెలిసిపోతుంది. అది కుదరకపోతే కాలేయం కొంత కోశాక, పెడికిల్ విప్పి కనబడ్డాకే, లాగకుండా మిగిలే వైపుకి సెంటీమీటర్ దూరంలో పెట్టాలి.

మీ రోగికి అందుకే ఎమ్మార్సీపీ అడగండి. బిలిరుబిన్ 1.6 ఇవాళ్టి సంగతి. రేపు 2.5, ఎల్లుండి 4 అయితే ఇది కోత లీక్ ఒక్కటే కాదు.

బొబ్బిలి_తీగ
బిలిరుబిన్ పెరిగితే పీటీ (రక్తం గడ్డకట్టే సమయం) కూడా పక్కన పెట్టుకుని చూడండి. ఐదో రోజుకి రెండూ చెడితే కాలేయం చాలడం లేదని. ఇంకో చిక్కు: రక్తంలో బిలిరుబిన్ 6కి పోతే మూడు రెట్లు అంటే 18 కావాలి, నిజం లీక్ కూడా నిర్వచనంలోంచి జారిపోతుంది. పోర్టల్ ఒత్తిడి ఉన్నవాళ్ళకి రోజుకి లీటర్ అసైటిస్ (పొట్టలో ఊరే నీరు) వస్తే పసరు పలచబడి అక్కడా అంతే. అంకెతో పాటు రంగు, కొలత, రోగి ముఖం కూడా చూడాలి.

ఆమదాలవలస_అక్క
రంగు అన్నారు కాబట్టి. సంచిలో రాత్రంతా నిలవున్న పైత్యం ఆకుపచ్చకి తిరుగుతుంది. అప్పుడే వచ్చేది బంగారు పసుపు. కాబట్టి సంచి కాదు, గొట్టంలో ఏం వస్తోందో చూడాలి. శాంపిల్ కూడా సంచి అడుగునుంచి పట్టి పంపుతారు చాలామంది, అది నిన్నటి లెక్క. సంచి ఖాళీ చేసి, గంట తరవాత కొత్తగా వచ్చింది తీయాలి. వెలుతురు తగలకుండా సీసాకి కాగితం చుట్టి, "డ్రెయిన్ ద్రవం, బిలిరుబిన్" అని పెద్దక్షరాలతో రాసి, రక్తం కూడా అదే పూట పంపాలి. పొద్దున ద్రవం, సాయంత్రం రక్తం పంపితే రెండింటికీ పొంతన ఉండదు.

ఇంకొకటి, డ్రెయిన్ నిన్న 140, ఇవాళ సున్నా అని డ్యూటీ మారేటప్పుడు సంతోషంగా చెప్తారు. సున్నా వస్తే సంతోషపడకూడదు, భయపడాలి. గొట్టం మడత పడిందా, గడ్డ అడ్డం పడిందా, పక్కమీద నడుం కింద నొక్కుకుందా అని చూడాలి. ఎక్కిళ్ళు, కుడి భుజం నొప్పి వస్తే పసరు డయాఫ్రం కింద చేరిందని అనుమానించాలి. ఎక్కిళ్ళకి అటెండెంట్లు పంచదార పెడతామంటారు, మనం స్కాన్ పెట్టాలి.

పీజీ_రెండో_ఏడు
అక్కా, ఇది మా యూనిట్ బోర్డు మీద రాసి పెడుతున్నా.

చీపురుపల్లి_జంక్షన్
అసలు డ్రెయిన్ ఎందుకు? పెట్టినా పెట్టకపోయినా ఫలితం ఒకటేనని ఎన్ని యాదృచ్ఛిక అధ్యయనాలు చెప్పాయి! గొట్టం వారం ఉంచితే బయటి సూక్ష్మజీవికి దారి వేసినట్టే. చిన్న కోతకి డ్రెయిన్ వద్దే వద్దు.

నాగావళి_గట్టు
చిన్న కోతకి సరే. డ్రెయిన్ లేకుండా పంపిన మనిషి ఇచ్ఛాపురం అవతల ఉంటే, పొట్ట ఉబ్బిందని ఏ రాత్రి ఫోన్ చేస్తాడు? అక్కడినుంచి మనదాకా వంద కిలోమీటర్ల పైమాటే, పిగ్‌టెయిల్ (చర్మంలోంచి గుచ్చి పెట్టే గొట్టం) వేసేవాళ్ళు రాత్రి దొరకరు. ఆ అధ్యయనాలు జరిగినచోట స్కాన్ రూమ్ పక్క గదిలో ఉంటుంది.

బొబ్బిలి_తీగ
ఇద్దరివీ కలిపితే జపాన్ వాళ్ళ మూడు-మూడు లెక్క. డ్రెయిన్ పెట్టు, మూడో రోజు ద్రవంలో బిలిరుబిన్ 3 ఎంజీ లోపు ఉండి చీము లక్షణం లేకపోతే ఆ రోజే తీసెయ్. అంచు ముక్కకి అసలు పెట్టకు. నాలుగో సెగ్మెంట్, మధ్య కోత, టెస్ట్‌లో చుక్కలు కనబడి కుట్టిన కేసు అయితే పెట్టు, మూసిన సంచి వ్యవస్థే, సక్షన్ వద్దు. గట్టిగా లాగే సక్షన్ లీక్‌ని తెరిచే ఉంచుతుంది.

చీపురుపల్లి_జంక్షన్
మూడో రోజు తీసేస్తానంటే నాకు పేచీ లేదు. పదో రోజు దాకా "ఉండనీ, ఏం పోయింది" అనేవాళ్ళతోనే నా పేచీ.

పీజీ_రెండో_ఏడు
ఫైబ్రిన్ గ్లూ కొడితే సరిపోదా? కంపెనీ రెప్ రోజూ వచ్చి చెప్తున్నాడు.

కత్తెర_కొక్కెం
రెప్‌కి కాఫీ ఇచ్చి పంపు. పెద్ద యాదృచ్ఛిక అధ్యయనాల్లో గ్లూ వల్ల పైత్యం లీక్ తగ్గలేదు. చిన్న రక్తం చెమ్మకి కొంచెం పనికొస్తుందేమో. తెరిచున్న డక్ట్ మీద గ్లూ కొడితే తడి గోడకి సున్నం వేసినట్టు రెండో రోజుకి ఊడుతుంది. కుట్టాల్సింది కుట్టాక పైన ఏం పూసుకుంటావో నీ ఇష్టం.

బొబ్బిలి_తీగ
ఆ పై పూతల్లో ఒమెంటం (పొట్టలోని కొవ్వు తెర) కప్పడాన్ని కూడా కలిపేస్తే మాత్రం నేను కొక్కెం సార్‌తో ఏకీభవించను. లీక్ ఆపదు, నిజమే. కానీ లెఫ్ట్ హెపటెక్టమీ తరవాత పొట్ట సంచి ఆ ముఖానికి అతుక్కుపోకుండా ఉంటుంది, ఖర్చూ లేదు.

నాగావళి_గట్టు
ఐదో రోజు. నిన్న 180, ఇవాళ 260 మి.లీ. సాయంత్రం 101 జ్వరం, తెల్లకణాలు 16,800. బిలిరుబిన్ 1.9, ఐఎన్ఆర్ (పీటీ లెక్కే) 1.3. క్రియాటినిన్ 1.1. అల్ట్రాసౌండ్‌లో డయాఫ్రం కింద 7 సెం.మీ. నీరు. డ్రెయిన్ కొన అక్కడికి చేరడం లేదు.

ఫిల్మ్_వెలుగు
అయితే ఇక గ్రేడ్ బీ. క్రియాటినిన్ బాగుంది కాబట్టి కాంట్రాస్ట్ సీటీ తీయండి, ఒకటే గూడా రెండు గూళ్ళా అని తెలియాలి. తరవాత 10 ఫ్రెంచ్ పిగ్‌టెయిల్. కుడి పక్కనుంచి వెళ్ళేటప్పుడు వీలైనంత కిందనుంచి వాలుగా పైకి. పక్కటెముకల మధ్య పైనుంచి గుచ్చితే ప్లూరా (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర) దాటుతారు, పసరు ఛాతీలోకి పోతుంది. తీసిన మొదటి పది మి.లీ. కల్చర్‌కి. మొత్తం ఒక్కసారే ఖాళీ చేసి, రోజుకి రెండు మూడు సార్లు 10 మి.లీ. సెలైన్‌తో మెల్లగా కడగండి, గొట్టం మూసుకోకుండా ఉంటే చాలు.

ఎమ్మార్సీపీకి పంపేటప్పుడు గడాక్సిటేట్ అనే కాంట్రాస్ట్ దొరికితే దాంతో తీయించండి. కాలేయం దాన్ని పైత్యంలోకి వదులుతుంది, ఇరవై నిమిషాల తరవాత తీసిన బొమ్మలో డక్ట్ దాటి బయటికి వస్తే లీక్ చోటు తెలుస్తుంది. మెయిన్‌తో కలవని కొమ్మ అయినా సరే. బిలిరుబిన్ బాగా పెరిగితే సరిగా రాదు, ఇప్పుడే మంచి సమయం.

మత్తు_మాస్టారు
పసరు రోజూ పోతుంటే సోడియం, బైకార్బొనేట్ కూడా పోతున్నాయి. అర లీటర్ దాటితే పోయినంతా రింగర్ లాక్టేట్‌తో తిరిగి పెట్టండి. నార్మల్ సెలైన్ ఒక్కదాంతోనే నింపితే ఆమ్లం పెరుగుతుంది.

గొట్టం_కెమెరా
పిగ్‌టెయిల్ వేసి ఒకటి రెండు రోజులు చూడండి. చాలా లీకులు డ్రెయిన్‌తోనే తగ్గుతాయి. తగ్గే దారి పట్టకపోతే ఈఆర్‌సీపీ. మేము చేసేది లీక్ మూయడం కాదు, కింద దారి తెరవడం. పాపిల్లా (డక్ట్ పేగులోకి తెరుచుకునే మూతి) మీదుగా 7 గానీ 10 గానీ ఫ్రెంచ్ ప్లాస్టిక్ స్టెంట్ వేస్తే స్ఫింక్టర్ అడ్డు పోతుంది, పసరు పేగులోకి దిగుతుంది, పైన రంధ్రం తనంత తాను మూసుకుంటుంది. నాలుగు నుంచి ఆరు వారాలకి స్టెంట్ తీసెయ్యాలి. ఇది డిశ్చార్జి కాగితం మీద తేదీతో సహా రాయండి, లేకపోతే రెండేళ్ళ తరవాత మూసుకుపోయిన స్టెంట్‌తో, చలిజ్వరంతో వస్తారు.

ఈఆర్‌సీపీ తరవాత పాంక్రియాస్ వాపు రాకుండా ఇండోమెథాసిన్ 100 ఎంజీ మలద్వారంలో పెడతాం. కిడ్నీ పాడైతే ముందే చెప్పండి, జీడితోట గారు మళ్ళీ కేకలెయ్యకుండా.

జీడితోట
కేకలు కాదు సార్, డయాలసిస్ మిషన్లు ఖాళీ లేవు.

చీపురుపల్లి_జంక్షన్
కెమెరా సార్, గడాక్సిటేట్ బొమ్మలో విడిపోయిన కొమ్మ అని తేలితే మీ స్టెంట్ దండగ కదా?

గొట్టం_కెమెరా
దండగే. నా కాంట్రాస్ట్ అక్కడికి వెళ్ళదు, స్టెంట్ అక్కడ ఏం చేస్తుంది? అప్పుడు గొట్టం ఉంచి ఓపిక పట్టడమే. చిన్న కొమ్మ అయితే ఆ భాగం క్రమంగా కుంచించుకుపోయి ఊరడం మానేస్తుంది. రేడియాలజీ వాళ్ళు ఆల్కహాల్ ఎక్కించి ఆపిన సందర్భాలున్నాయి, మెయిన్ డక్ట్‌తో కలవలేదని ఖాయమైతేనే. పెద్ద కొమ్మ అయితే నెలల తరవాత పేగుకి కలపడమో, ఆ ముక్క తీయడమో. ఐదో రోజున కంగారుపడి పొట్ట తెరిచి, ఉబ్బిన కాలేయం మీద కుట్లు వేయడం మాత్రం ఎవరూ చేయొద్దు. పొట్టంతా పసరు పాకి గట్టిపడితే అది వేరు, అప్పుడు తెరిచి కడగాల్సిందే.

ఆమదాలవలస_అక్క
ఈఆర్‌సీపీకి విశాఖ పంపేటప్పుడు అంబులెన్స్‌లో సంచి రోగి పొట్ట మీద పెట్టి పంపుతున్నారు. పసరు వెనక్కి పోతుంది. సంచి ఖాళీ చేసి, కొలత రాసి, స్ట్రెచర్ పక్కకి కిందుగా కట్టాలి. గొట్టం క్లాంప్ చేసి పంపొద్దు, దారిలో విప్పేవాళ్ళు ఉండరు.

నాగావళి_గట్టు
తొమ్మిదో రోజు. పిగ్‌టెయిల్ వేసిన రోజు 350 మి.లీ. మురికి పసరు, జ్వరం మర్నాటికి దిగింది. గడాక్సిటేట్ బొమ్మలో ఎడమ డక్ట్ బాగానే ఉంది, ఇరుకు లేదు. స్టేప్లర్ బతికించింది. లీక్ కోసిన ముఖం మీద హైలం పైన, సరిగ్గా బైపోలార్ పెట్టిన చోటనే, మెయిన్‌తో కలిసున్న కొమ్మ. ఏడో రోజు కూడా 240 ఉంటే స్టెంట్ వేశారు. నిన్న 90, ఇవాళ 40.

కత్తెర_కొక్కెం
అయితే ఆ కొమ్మకి పాల పరీక్షలో చుక్క కనబడేదా, లేక చెక్కు ఊడేదాకా కనబడేది కాదా అన్నది జంక్షన్ సారూ నేనూ ఇంకో నెల కొట్టుకుంటాం.

చీపురుపల్లి_జంక్షన్
కనబడేది కాదు. పందెం.

బొబ్బిలి_తీగ
40 అయినా పిగ్‌టెయిల్ ఇప్పుడే లాగెయ్యకండి. రోజుకి 10, 20కి దిగాక గొట్టంలోంచి కాంట్రాస్ట్ పంపి గూడు కుంచించుకుందో లేదో చూసి తీయండి. పాత డ్రెయిన్‌లో ఏం రావడం లేదంటే దాన్ని మాత్రం ఇవాళే తీసెయ్యొచ్చు.

నాగావళి_గట్టు
పాతది తీసేశాం. ఇంటివాళ్ళు రోజూ ఒకటే ప్రశ్న, చోడి అంబలి పొయ్యొచ్చా అని.

మత్తు_మాస్టారు
పొయ్యమనండి. నోటితో తినే మనిషికి సెలైన్ స్టాండ్ ఇంకా ఎందుకు ఉంది ముందు అది చెప్పండి.